సామాజిక మాధ్యమములు – తెలుగు యువజన జీవనము : ఒక చారిత్రక పరిశీలనము

ఒక తరము తన సుఖదుఃఖములను దేనిపై వ్రాసికొన్నదో దానిని బట్టియే తరువాతి తరములు ఆ తరమును తెలిసికొనగలుగును. తాటియాకును గూర్చియు, తామ్రపత్రమును గూర్చియు, కాగితమును గూర్చియు మన పరిశోధకులు ఎంతయో కృషి చేసియున్నారు. కాని గడచిన 30 సంవత్సరములలో తెలుగు యువజనులు తమ స్నేహములను, ప్రణయములను, వాదోపవాదములను, ఉద్యోగప్రయత్నములను ఎక్కువగా వ్రాసికొన్నది ఈ మూడింటిపైనను గాదు. మొదట కంప్యూటరు తెరపైనను, పిదప చేతిలోని ఫోనుపైనను వారు వ్రాసిరి. ఆ వ్రాతకు చోటిచ్చిన వ్యవస్థలనే నేడు సామాజిక మాధ్యమములని వ్యవహరించుచున్నాము.

ఈ మాధ్యమములు మేలు చేసినవా, కీడు చేసినవా యను ప్రశ్నపై సభలలోను పత్రికలలోను చర్చ విరివిగా జరుగుచున్నది. ఆ తీర్పు చెప్పుట ఈ వ్యాసమున మా యుద్దేశము కాదు. వ్యక్తిజీవితమునందును, వృత్తియందును, యువజన సంస్కృతియందును ఇవి తెచ్చిన మార్పులను కాలక్రమమున పరిశీలించి, ఆ మార్పులకు మూలమైన యొక విషయమును చూపుటయే మా ప్రయత్నము. ఆ విషయమిది: వ్రాసినదానిని దాచుకొనుటయు, వ్రాసినదానిని మఱుగుపఱచుటయు పూర్వము వ్రాసినవాని చేతిలోను, అందుకొన్నవాని చేతిలోను ఉండెడివి. నేడవి రెండును మూడవవాని చేతిలోనికి పోయినవి.

పూర్వస్థితి

తెలుగునాట లేఖ యొక సాహిత్యప్రక్రియగా ఎదిగినది. గురజాడ అప్పారావుగారి లేఖలును దినచర్యలును లభించుటచే కన్యాశుల్క కర్త మనస్సు మనకు కొంత తెలిసినది. చలముగారు చింతా దీక్షితులుగారికి వ్రాసిన లేఖలు గ్రంథరూపమున వెలువడినవి. ఇట్టివి మనకు దక్కుటకు కారణము స్పష్టము: అందుకొన్నవారు వానిని భద్రపఱచిరి. దక్కనివాని మాట విచారించినను ఇంతే. ఎవరో ఒకరు చింపివేసియుందురు, లేదా చెదలు తినియుండును. తపాలావారు ఉత్తరమును మోసిరే కాని దాచుకొనలేదు.

మఱియొక విశేషము గలదు. ఉత్తరమునకు చదువరి యొక్కడు. రచ్చబండపై పలికిన మాటకు శ్రోతలు పదిమంది. పత్రికలోని వ్యాసమునకు పాఠకులు కొన్ని వేలమంది. ఏ మాట ఎంతమంది చెవిని బడునో పలుకువాడు ముందుగనే ఎఱుగును. దానినిబట్టి మాటతీరు మార్చుకొనును. తల్లికి వ్రాయునపుడు ఒక భాష, స్నేహితునకు వ్రాయునపుడు మఱియొక భాష, సంపాదకునకు వేఱొక భాష. సామాజిక మాధ్యమములు మొట్టమొదట చెఱపినది ఈ సరిహద్దులనే.

మొదటి దశ: లిపి లేని తెలుగు

భారతదేశమున సామాన్యప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15 నాడు విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా అందుబాటులోనికి వచ్చినది. అంతకు కొన్ని సంవత్సరములకు పూర్వమే, అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచుండిన తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ అను చర్చావ్యవస్థయందు తెలుగువారికి ప్రత్యేకముగా ఒక విభాగమును ఏర్పఱచుకొనిరి. ఆనాడు తెరపై తెలుగు లిపి లేదు. కావున వారు రోమను అక్షరములతో తెలుగు వ్రాసిరి. ఇందుకొఱకు హ్యూస్టను నగరమునందలి రైస్ విశ్వవిద్యాలయమున ఒక లిప్యంతరీకరణ పద్ధతి రూపొందినది. చిన్న ‘టి’ అక్షరము త-కారమునకును, పెద్ద ‘టి’ అక్షరము ట-కారమునకును సంకేతములైనవి. లిపి పరాయిదైనను వర్ణవివేకము చెడకుండ కాపాడిన పద్ధతి యిది. 1998లో అమెరికానుండి వెలువడ నారంభించిన ‘ఈమాట’ పత్రిక యీ వాతావరణమునందే పుట్టినది.

ఈ దశలోని వాడుకరులు కొద్దిమంది, విద్యావంతులు, ఇల్లు విడిచి దూరదేశమున నున్నవారు. వారికీ సాధనము ఉద్యోగమునకు గాని కీర్తికి గాని మార్గము కాదు. మాటలాడుటకు తోడు దొరకుటయే వారి ప్రయోజనము. సామాజిక మాధ్యమములకు తెలుగువారిలో తొలిరూపము వలసజీవితపు ఒంటరితనమునుండి వచ్చినదని మేము భావింతుము.

రెండవ దశ: నెట్ సెంటరు కాలము

2004వ సంవత్సరము జనవరిలో ఆర్కుట్, ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ మొదలైనవి. మన పట్టణములలోని యువకులకు ముందుగా పరిచయమైనది ఆర్కుట్. ఇంట కంప్యూటరు లేనివారు గంటకింత యని రుసుము చెల్లించి నెట్ సెంటరులలో కూర్చుండి వాడిరి. కళాశాల విడిచిన పిమ్మట తెగిపోవు స్నేహములు దీనివలన నిలిచినవి. చిన్ననాటి సహాధ్యాయులు తిరిగి దొరికిరి.

ఆర్కుట్ నందలి మూడు ఏర్పాట్లు వ్యక్తిజీవిత చరిత్రకు ముఖ్యములు. ఒకటి ‘స్క్రాప్’. ఇది ఒకనికి వ్రాసిన చిన్న ఉత్తరమే; కాని తొలిదినములలో అందఱకును కనబడుచుండెడిది. రెండవది ‘టెస్టిమోనియల్’. స్నేహితుని గూర్చి స్నేహితుడు వ్రాసి యిచ్చు ప్రశంస యిది. పొందినవాడు అంగీకరించినగాని ప్రకటితము కాదు. మూడవది, మన పుటను ఎవరెవరు చూచిపోయిరో తెలుపు జాబితా. వీధిలో ఒకరి గుమ్మమువైపు చూచి పోయిన చూపు సయితము ఇట లెక్కకు వచ్చినది. రహస్యముగా నుండవలసిన ఉత్తరము బహిరంగమైనది. ఎదుట చెప్పుటకు సంకోచించెడి ప్రశంస ప్రదర్శనవస్తువైనది. నీడవంటి కుతూహలము నమోదైనది. తరువాతివచ్చిన మాధ్యమములన్నియు ఈ మూడింటినే పెంచి వాడుకొన్నవని చెప్పవచ్చును.

లిపివిషయమున సయితము ఇది ముఖ్యమైన కాలము. యూనికోడ్ ప్రమాణమున 1991 నాడే తెలుగునకు స్థానము లభించియుండెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ అక్షరరూపముతో తెలుగును తెరపై చూపగలిగెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. 2006లో వచ్చిన ‘లేఖిని’ యను సాధనము రోమను అక్షరములు కొట్టిన తెలుగక్షరములు చూపుటచే, ప్రత్యేకమైన కీలుఫలకము నేర్వనివారును తెలుగు వ్రాయగలిగిరి. ఇంతకు పూర్వము పత్రికాసంపాదకుని అంగీకారము లేక అచ్చుకాజాలని యువకుడు ఇప్పుడు తన వ్రాతను తానే ప్రకటించుకొనెను. సంపాదకుని దిద్దుబాటు కూడ దానితోడనే పోయినది. లాభమును నష్టమును ఒకే ద్వారమున వచ్చినవి.

2009 నుండి 2014 వఱకు సాగిన తెలంగాణోద్యమ కాలమున ఇరుప్రాంతముల విద్యార్థులును ఫేస్‌బుక్ నందు తీవ్రముగా వాదించుకొనిరి. మాండలికమునకు గౌరవము, చరిత్రపై హక్కు, నీళ్లు, ఉద్యోగములు – ఈ చర్చలన్నియు అందు సాగినవి. రాష్ట్రవిభజన చరిత్ర వ్రాయువానికి ఇవి శాసనసభా చర్చలవలెనే అవసరమైన ఆధారములు.

మూడవ దశ: అఱచేతిలోని లోకము

2009లో మొదలైన వాట్సాప్ కొలదికాలముననే తెలుగిండ్లలోనికి ప్రవేశించెను. 2016 సెప్టెంబరు 5 నాడు జియో సేవలు ప్రారంభమై, మొదటి నెలలలో ఇంటర్నెట్టు ఉచితముగా లభించుటతో, పట్టణమునకును పల్లెకును నడుమనున్న అంతరము ఒక్కసారిగ తగ్గినది. వ్రాత రానివారికి స్వరసందేశము తోడ్పడినది. గుంటూరులోని తల్లియు డల్లాసులోని కుమార్తెయు ప్రతిదినము ముఖాముఖి మాటలాడుకొనుట సామాన్యమైనది. పెద్దతండ్రి, మేనత్త, వారి సంతానము – అందఱును చేరిన కుటుంబసమూహము ప్రతి ఫోనునందును వెలసినది. పూర్వము పెండ్లిండ్లలోను కర్మకాండలలోను మాత్రమే కలిసికొనెడి బంధువర్గము నిత్యము ఎదుటనుండుట మన కుటుంబచరిత్రలో క్రొత్త సంఘటన. ఇది పెద్దల యొంటరితనమును తగ్గించినది. యువతీయువకుల కది నిత్యమైన కాపలాగా కూడ పరిణమించినది.

ఎఱిగినవారి సమూహమున వచ్చిన మాట యగుటచే నమ్మకమును ఎక్కువైనది. 2018 మే మాసమున పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాప్ ద్వారా రెండు తెలుగు రాష్ట్రములలోను వ్యాపించి, అమాయకులపై దాడులకు, మరణములకు దారితీసినది. ఆ యేడు జులైలో భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి 5 చోట్లకు మించి పంపరాదని ఆ సంస్థ నియమము విధించెను. దీనికన్న గమనింపదగిన ప్రయత్నము జోగులాంబ గద్వాల ప్రాంతమున జరిగినది. అప్పటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు సిబ్బందిని గ్రామములకు పంపి, జానపద గాయకులచే పాటలు పాడించి ప్రజలకు నచ్చజెప్పించిరి. ఫోనులో వచ్చిన అబద్ధమునకు విరుగుడు డప్పుపాటయందు దొరకినది. మాట ముఖమునుండి వచ్చినపుడు దానికి జవాబుదారి గలడు. ఈ సూత్రమును గద్వాల గ్రామములు మనకు జ్ఞాపకము చేసినవి.

వృత్తి

కళాకారుని వృత్తిలోనికి ప్రవేశము తెలుగునాట చిరకాలము సిఫారసుపై ఆధారపడియుండెను. యూట్యూబ్ ఆ ద్వారమును కొంత తెఱచినది. లఘుచిత్రములలో నటించుచు వచ్చిన రాజ్ తరుణ్ 2013లో ‘ఉయ్యాల జంపాల’ ద్వారా కథానాయకుడయ్యెను. ‘సైన్మా’ యను లఘుచిత్రము తీసిన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్లిచూపులు’ చిత్రమునకు దర్శకుడైనాడు. అది జాతీయపురస్కారము నందినది. వీరికన్న విశిష్టమైన యుదాహరణము జగిత్యాల ప్రాంతమునందలి లంబాడిపల్లిది. 2012లో ఆ యూరి యువకులు ప్రారంభించిన ‘మై విలేజ్ షో’ గ్రామజీవితమును గ్రామభాషలోనే చూపినది. అందు నటించిన గంగవ్వ వ్యవసాయకూలిగా జీవించిన వృద్ధురాలు. ఆమె తెలుగుదేశమంతట ప్రసిద్ధురాలై 2020లో బిగ్‌బాస్ కార్యక్రమమున పాల్గొన్నది. చలనచిత్రములలో హాస్యమునకు మాత్రమే వాడబడిన భాష ఆమె నోట గౌరవము పొందినది. గిడుగు రామమూర్తిగారు వ్యావహారికమునకై వాదించినపుడు శిష్టవ్యావహారికమే ఆయన కోరినది. ఇప్పుడు మాండలికములే నేరుగా రంగమెక్కినవి. ఈ పరిణామమును భాషాశాస్త్ర విద్యార్థులు విడిగా పరిశీలింపవలెను.

అయితే ఈ వృత్తికి పునాది ఎవరిది? 2020 జూన్ 29 నాడు భారతప్రభుత్వము 59 సాధనములను నిషేధించినపుడు వానిలో టిక్‌టాక్ ఒకటి. పల్లెలలోను చిన్న పట్టణములలోను పాటకు పెదవి కలిపి, ఆడి, నవ్వించి వేలకొలది అభిమానులను సంపాదించిన యువతీయువకులు ఒక్క రాత్రిలో తమ రంగస్థలమును, ప్రేక్షకులను, తమ కృతులను కూడ కోల్పోయిరి. నిషేధమునకు కారణములు దేశరక్షణకు సంబంధించినవి. వానిని మేము చర్చింపము. మేము చూపదలచినది ఒక్కటే. సురభి నాటకసమాజమువారు ఊరు విడిచినను తెరలు వారివెంట వచ్చెడివి. ఇట తెరయు, వేదికయు, ప్రేక్షకుల జాబితాయు మఱియొకరివి.

కీర్తినుండి ధనము రాగానే ప్రకటనకర్తలు వచ్చిరి. ధనము పుచ్చుకొని మెచ్చుకొన్నచో ఆ సంగతి తెలుపవలెనని ప్రకటనల ప్రమాణముల మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023లోను మార్గదర్శకములు వెలువరించినవి. ఆయినను 2025 మార్చిలో పందెపు యాప్‌లకు ప్రచారము చేసినందులకు పలువురు ప్రసిద్ధులపై తెలంగాణ పోలీసులు కేసులు నమోదుచేసిరి. అభిమానము సంపాదించినవానిపై కులపెద్దకో, గురువునకో గల బాధ్యత వంటిది ఏర్పడునన్న భావము ఈ వృత్తిలో ఇంకను స్థిరపడవలసియున్నది.

సాధారణోద్యోగములలో సయితము మార్పు తక్కువది కాదు. 2003లో వచ్చిన లింక్డిన్ ద్వారా హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పనులు వెదకుకొనుచున్నారు. పూర్వము ఉద్యోగార్థి తన యోగ్యతలను దరఖాస్తులో మాత్రము చెప్పుకొనెడివాడు. ఇప్పుడు ప్రతిదినము చెప్పుకొనవలసివచ్చినది. విదేశవిద్యకు పోవు తెలుగు యువజనుల స్థితి మఱింత సున్నితము. 2019 మే నెలాఖరునుండి అమెరికా వీసా దరఖాస్తుదారులు గడచిన 5 సంవత్సరములలో తాము వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లు తెలుపవలసియున్నది. 2025 జూన్‌లో విద్యార్థి వీసా కోరువారు తమ ఖాతాలను బహిరంగముగా ఉంచవలెనని ఆదేశించిరి. డిసెంబరు 15 నుండి ఈ పరిశీలనను హెచ్-1బీ ఉద్యోగులకును, వారి కుటుంబములకును విస్తరింపజేసిరి. 18 ఏండ్ల వయస్సున హాస్యమునకు వ్రాసిన మాట 23 ఏండ్ల వయస్సున అధికారి బల్లపై సాక్ష్యమై నిలువవచ్చును.

యువజన సంస్కృతి

వ్రాతరూపమున జరిగిన మార్పు విచిత్రమైనది. తెలుగు లిపి ఫోనులలోనికి పూర్తిగా వచ్చిన తరువాతను యువజనులలో అనేకులు రోమను అక్షరములతోనే తెలుగు వ్రాయుచున్నారు. మొదటి దశలో అది నిర్బంధము, ఇప్పుడది అలవాటు. తొలితరము పాటించిన త-ట వివేకము ఇప్పటి వ్రాతలో లేదు. ఇట్లని తెలుగు లిపికి ఇబ్బందులు సమసినవనియు ననరాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను సంయుక్తాక్షరమును పోలిన యొక కూర్పు సందేశమున వచ్చినచో ఆపిల్ ఫోనులలోని సాధనములు స్తంభించెడివి. ఆ సంస్థ సవరణను విడుదల చేయవలసివచ్చినది. మన గుణింతములును, ఒత్తులును యంత్రనిర్మాతల లెక్కలో ఎంత తరువాతివో ఈ సంఘటన తెలుపుచున్నది.

రూపవిషయమున మఱియొక మార్పు: నశించుటకే పుట్టిన వ్రాత. ఇన్‌స్టాగ్రామ్ నందు 2016లోను, వాట్సాప్ నందు 2017లోను 24 గంటలలో మాసిపోవు చిత్రములు ప్రవేశించినవి. వాట్సాప్‌లో చేర్చబడిన ఈ యేర్పాటునకు ‘స్టేటస్’ అని పేరు. ప్రణయము, అలుక, నిరాశ, అభిమాననటుని జన్మదినము – అన్నియు అందు ఒకరోజు వెలిగి ఆరును. ఎవరు చూచిరో చూచుకొనుటయే అందలి ఉత్కంఠ. ఆర్కుట్ కాలపు కుతూహలమే ఇట వ్యసనముగా మాఱినది. ఇతరుల సంతోషముతో తన దినమును నిత్యము పోల్చుకొనుట యువజనుల మనస్సును నలగజేయుచున్నదను భయము నేడు ప్రపంచవ్యాప్తము. 2023లో అమెరికా సర్జన్ జనరల్ దీనిపై హెచ్చరిక వెలువరించిరి. 16 ఏండ్లలోపువారికి ఈ ఖాతాలుండరాదని ఆస్ట్రేలియా చేసిన చట్టము 2025 డిసెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది.

ఆధారముల సమస్య

ఇప్పటివఱకు చెప్పినదానిని చరిత్రకారుని దృష్టితో చూతము. జియోసిటీస్ పుటలు 2009లో తొలగింపబడినవి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30 నాడు మూతపడినది. యాహూ సమూహములలో తెలుగువారు సంవత్సరములతరబడి జరిపిన చర్చల నిధి 2019-20 సంవత్సరములలో తుడిచివేయబడినది. టిక్‌టాక్ 2020లో దేశమునుండి పోయినది. తెలుగుతో సహా భారతీయభాషలలో వ్రాయుటకై వచ్చిన ‘కూ’ 2024 జులైలో ఆగిపోయినది. ఈ ముగింపులలో వాడుకరుల నెవ్వరిని సంప్రదింపలేదు. కొన్నిచోట్ల తమ వ్రాతలను దించుకొనుటకు గడువు మాత్రమిచ్చిరి.

ఒకవైపు ఒక తరము ఉత్తరములు మొత్తముగా మాయమగుచున్నవి. మఱియొకవైపు ఆ తరమువాడు తుడిచిపెట్టగోరిన మాట వీసా అధికారికిని, ఉద్యోగదాతకును, విరోధికిని లభ్యమగుచున్నది. ప్రేమతో దాచుకొనదగినది దక్కదు. సిగ్గుతో మఱచిపోదగినది పోదు. ఇది వాడుకరుల లోపమనుట న్యాయము కాదు. వ్రాతకు యజమాని వేఱు, వ్రాతను భద్రపఱచు స్థలమునకు యజమాని వేఱు అగుటవలన కలిగిన ఫలమిది.

కల్నల్ మెకంజీ కాలమున కావలి సోదరులు ఊరూర తిరిగి కైఫియతులు సేకరింపకున్నచో గ్రామచరిత్రలలో అధికభాగము మనకు తెలియకపోయెడిది. బ్రౌను దొర తాళపత్రములను సేకరించి ప్రతులు వ్రాయింపకున్నచో ఎన్ని కావ్యములు నశించెడివో చెప్పజాలము. ఇప్పటి తాళపత్రము మఱింత దుర్బలమైనది. చెదలు పట్టుటకు నూఱేండ్లు కావలెను, సేవ నిలుపుటకు ఒక ప్రకటన చాలును. పెద్దసంస్థలపై భారముంచి ఊరకుండుటయు సాధ్యము కాదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో ట్విట్టరు వ్రాతలన్నిటిని సేకరింపబూని, 2018 జనవరినుండి ఎన్నికచేసినవానిని మాత్రమే గ్రహించుటకు నిశ్చయించుకొన్నది.

కాని ఇట సేకరణకు హద్దు గలదు. తాళపత్రము గ్రంథము, స్టేటస్ ఒక జీవించియున్న వ్యక్తి హృదయము. వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కని సర్వోన్నత న్యాయస్థానము 2017 ఆగస్టు 24 నాడు పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పరిశోధన, గ్రంథభాండార సంరక్షణ, గణాంకములు – వీని కొఱకైన వినియోగమునకు నిర్ణీత ప్రమాణములకు లోబడి మినహాయింపు నిచ్చినది. ఆ సమాచారముతో ఆ వ్యక్తినిగూర్చి ఏ నిర్ణయమును చేయరాదని అందలి నియమము. పరిశోధకుని ధర్మమును చట్టము ఇంత సూటిగా చెప్పుట అరుదు.

కావున విశ్వవిద్యాలయములలోని తెలుగుశాఖలు చేయదగిన పని యొకటి గలదని మేము సూచింతుము. ప్రతి పరిశోధక విద్యార్థియు తన యూరివారినుండి, తన కళాశాలవారినుండి, వారి సమ్మతితో, వారు దించి యిచ్చిన సంభాషణలను, స్వరసందేశములను, లఘుచిత్రములను తేదీతోను ప్రాంతముతోను నమోదుచేసి శాఖా గ్రంథాలయమున ఉంచవచ్చును. పేర్లను మఱుగుపఱచవలెను. ఇచ్చినవారు తిరిగి కోరినచో మాఱుపలుకక తొలగింపవలెను. ఈ చివరి నియమము సేకరణను కొంత బలహీనపఱచును. కాని మఱచిపోవు హక్కును వ్రాసినవానికి తిరిగి యిచ్చుట దీనివలననే సాధ్యము.

జానపదగేయములు సేకరించుటకు పూర్వులు పల్లెలకు నడచిరి. నేటి యువజనుల మాటలు సేకరించుటకు అంతదూరము నడువ నక్కఱలేదు. తరగతిగదిలో ఎదుట కూర్చున్నవారిని అడిగిన చాలును. ఆలస్యము మాత్రము పనికిరాదు.